నేను పాడించిన గొంతు

పుంగనూరు నాటక పోటీల్లో మా రాజు వేషధారి పద్యం మధ్యలో ఆగిపోయాడు. మరిచిపోయి కాదు. ఆ పద్యం ఆయన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. నోరు తెరిచే ఉంది, కుడిచెయ్యి పైకెత్తే ఉంది, మెడ నరాలు ఉబ్బే ఉన్నాయి. గొంతులోంచి మాత్రం గాలి తప్ప ఏమీ రావడం లేదు. సైకిలు ట్యూబులో ముల్లు దిగినప్పుడు వచ్చే చప్పుడు లాంటిది, సన్నగా, ఎడతెగకుండా.

నేను తెర పక్కన, హార్మోనియం వాయించే పెద్దాయన వెనక నిలబడి ఉన్నాను. రాజు దుఃఖం పట్టలేక ఆగినట్టు నటిస్తున్నాడని ఆయన అనుకున్నాడు. అదే స్వరం మీద వేలుంచి తిత్తి ఊపుతూనే ఉన్నాడు. జనమూ అలాగే అనుకున్నారు. మధ్యాహ్నపు ఎండలో రేకుల షెడ్డు కింద చెమటలు కక్కుతూ కూర్చున్నవాళ్ళు, అంతకు ముందే రెండు పద్యాలకు "వన్స్ మోర్" కొట్టినవాళ్ళు, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ముందు వరసలో ఒకాయన "ఆహా, ఏం నటన్రా!" అన్నాడు.

అప్పుడు రాజు నా వైపు తిరిగాడు. బావిలో జారిన మనిషి, పైన గట్టు మీద నిలబడినవాళ్ళ వైపు చూసే చూపు అది.

"తెర వెయ్యండప్పా!" అని ఎవరో గట్టిగా అరిచారు. ఆ అరిచింది నేనేనని తర్వాత మా బృందంవాళ్ళు చెబితే గాని నాకు తెలియలేదు.

ఆయన గొంతును అక్కడిదాకా తెచ్చింది నేను. అది ఎలా తెచ్చానో ముందు చెప్పాలి.

మాది మదనపల్లె. మా నాన్నకు కిరాణా అంగడి. నాకు పదేళ్ళప్పుడు ఊళ్ళో పేరున్న ఒక పాటల అయ్యవారి దగ్గర నన్ను చేర్చారు. ఆయన వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో పాడినవాడు. మైకులు లేని కాలంలో, మైదానం చివర నిలబడినవాడికి కూడా వినపడేట్టు పాడినవాడు. ఆయన సాధన పద్ధతి ఒకటే. చీకటితోనే లేచి, చన్నీళ్ళు పుక్కిలించి, పై స్థాయిలో గొంతు బొంగురుపోయేదాకా పాడాలి. బొంగురుపోయాక మానకూడదు, ఇంకో అరగంట పాడాలి. "గొంతు పగలాల పాపా. పగిలిన గొంతులోంచే పాట పుట్టేది" అనేవాడు. ఏడేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాను. పరీక్షలు రాసి, ఇరవై నాలుగేళ్ళకు ఆడపిల్లల బడిలో సంగీతం టీచరునయ్యాను. అయ్యవారు పోయాక, ఆ చుట్టుపక్కల నాటకాలాడేవాళ్ళు పద్యాలు దిద్దించుకోవడానికి నా దగ్గరికి రావడం మొదలైంది. ఆడమనిషి దగ్గర పద్యం నేర్చుకోవడమేమిటని ఒకరిద్దరు అన్నారు గానీ, నా దగ్గర అయ్యవారి బాణీలన్నీ ఉన్నాయి. దానికి విలువిచ్చారు.

అలా వచ్చినవాళ్ళలో మా రాజు ఒకడు. కురబలకోట వైపు పల్లె, సేద్యం చేసుకునే కుటుంబం. అప్పటికి నలభై దగ్గర పడుతున్నాడు. పొద్దున పూట మదనపల్లె మండీలో వేలం పాడేవాడు. బెల్లం దిమ్మెల ముందు, చింతపండు బుట్టల ముందు నిలబడి, వ్యాపారుల గోలనంతా దాటి పైకి వినబడేలా నాలుగు గంటల పాటు అరవడం ఆయన పని. మొదటి రోజు మా వాకిట్లో నిలబడి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"టీచరమ్మా, పొద్దున నేను పాడే పాటకి రాగం లేదు. సాయంత్రం పాడేదానికన్నా రాగం నేర్పండి."

నవ్వొచ్చింది. ఒక పద్యం పాడమన్నాను. పాడాడు. నవ్వు ఆగిపోయింది. అంత నిండైన గొంతు నేను అంతకు ముందు వినలేదు. గంగాళంలో నీళ్ళు పోస్తున్నట్టుంది. ఆ గొంతును ఐదు శ్రుతికి ఎక్కించాలని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. మామూలు మగవాడికి ఒకటిన్నర, రెండు శ్రుతులు హాయిగా ఉంటాయి; అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెక్కాలి. నాటకం వాళ్ళు ఐదు అంటారు. ఐదులో పాడితేనే మగవాడు, ఐదులో పాడితేనే రాజు.

రెండేళ్ళు పట్టింది. చీకటితో లేపాను, చన్నీళ్ళు పుక్కిలింపజేశాను, బొంగురుపోయాక అరగంట పాడించాను. ఆ తర్వాత ఆయన మండీకి వెళ్ళి నాలుగు గంటలు అరిచేవాడు. సాయంత్రం మళ్ళీ నా దగ్గర. గొంతులో ఏదో అడ్డుపడినట్టుందని ఒకసారి అన్నాడు. మిరియాల కషాయం తాగమన్నాను. ఇంకోసారి పొద్దున లేస్తే మాట రావడం లేదన్నాడు.

"పగులుతాండాది అన్నా. మంచిదే" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మొహంలో సంతోషం కూడా ఉండే ఉంటుంది.

పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో వస్తుంటే ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మొహానికి రంగు సరిగా పోలేదు. చెవుల దగ్గర ఎర్రగా ఉండిపోయింది. మా బృందంలో ఎవరూ మాట్లాడలేదు. ఏదైనా అడిగితే ఆయన నోరు తెరుస్తాడని, తెరిస్తే ఆ గాలి చప్పుడు వినాల్సి వస్తుందని అందరికీ భయం. నాకు మరీ భయం.

మర్నాడు ఆయన్ను వెంటబెట్టుకుని మదనపల్లెలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ వారానికి ఒకరోజు అక్కడికి వచ్చేది. యాభై ఏళ్ళుంటాయి. తమిళం ఇంటి భాష, తెలుగు మాత్రం అచ్చం మా ఊరిదే. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని, పొడుగాటి కాడకున్న ఇంకో చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చజేసింది. గుడ్డతో ఆయన నాలుక పట్టుకుని బయటికి లాగి, అద్దాన్ని కొండనాలుక దాకా పోనిచ్చింది.

"ఈ... అనప్పా. వచ్చినంత మటుకే అను."

చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వెవరమ్మా? ఇంటామెవా?"

"కాదమ్మా, పాట నేర్పిస్తాను."

"అట్లయితే నువ్వే సూడాల. ఇట్ల రా."

ఆ నుదుటి అద్దం తీసి నాకు కట్టింది. వెలుగు ఎలా పడాలో నా తల పట్టుకుని తిప్పి చూపించింది. మొదట ఎర్రటి గుహ తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత కనబడింది. రెండు చిన్న పట్టీలు, ముందు కలుసుకుని వెనక విడిపోయి ఉన్నాయి. వక్క పలుకంత పొడవు. మొత్తం గొంతు అంతే. గంగాళంలో నీళ్ళలా ఉందని నేను మురిసిపోయింది, మైదానం చివరిదాకా వినపడాలని అయ్యవారు కోరింది, మండీలో నాలుగు గంటలు అరిచింది, అంతా ఆ రెండు వక్క పలుకులే. మనిషి గొంతు అంటే ఛాతీ అంత పెద్దదని, వేణువు లాగా పొడుగాటి గొట్టమని నేనేదో ఊహించుకుని ఉన్నాను. పదేళ్ళ వయసు నుంచి నేను పాడుతున్నది దేంతోనో నాకు తెలియదు. తెలియకుండానే ఇంకొకరికి నేర్పాను.

"రెండూ తెల్లగా ఉండాల" అంది డాక్టరమ్మ. "ఒకటి సూడు ఎట్లుండాదో."

ఒకటి నెత్తురు ముద్దలా ఉంది. రెండింటి అంచుల మీదా, ఎదురెదురుగా, కొర్రగింజంత బొడిపెలున్నాయి.

"ఇవి ఇప్పటివి కావు. పార పట్టే చేతికి కాయలు కాస్తాయే, అట్లాంటివి. ఎన్నాళ్ళుగానో అరిస్తే వస్తాయి. నెత్తురు మాత్రం నిన్నటిది. లోపల నరం చిట్లింది. ఈయనకు ఏం నేర్పించినావమ్మా నువ్వు?"

చెప్పాను. చీకటితో లేవడం, చన్నీళ్ళు, బొంగురుపోయాక అరగంట, అన్నీ చెప్పాను. గొంతు పగలాలని కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"పగిలింది కదమ్మా" అంది. "పగలడమంటే ఇదే."

కూర్చోవడానికి బల్ల వెతుక్కున్నాను. ఆయన నాలుక లోపల పెట్టుకుని, మూతి తుడుచుకుని, నన్నే చూస్తున్నాడు. మా ఇద్దరిలో జబ్బు ఎవరికో కొత్తగా వచ్చేవాళ్ళకు తెలిసేది కాదు.

నెలా పదిహేను రోజులు ఒక్క మాట మాట్లాడకూడదని డాక్టరమ్మ చెప్పింది. గుసగుస కూడా వద్దంది. పలక మీద రాసి చూపించుకోమంది. వెళ్ళబోతుంటే నన్ను ఆపింది.

"ఈ అద్దంతో గొంతు సూడడం కనిపెట్టింది డాక్టరు కాదమ్మా, తెలుసునా? ఎప్పుడో ఒక పాటల అయ్యవారే. తన గొంతు తానే సూసుకున్నాడంట. నువ్వు వచ్చే వారం రా. నీది సూస్తాను."

వారమంతా నాకు నిద్ర లేదు. ఏడేళ్ళ సాధన చేసిన గొంతు నాది. ఆయనకు రెండేళ్ళకే కొర్రగింజలొస్తే నాకు శనగగింజలుండాలి. బడిలో పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగి గొంతు తడుముకునేదాన్ని.

డాక్టరమ్మ నా నాలుక పట్టుకుని చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు చూసింది. తర్వాత చేతి అద్దం ఒకటి నా ముందు పట్టుకుని, ఆ చిన్న అద్దంలోది నాకే కనబడేట్టు చేసింది. రెండు పట్టీలు. తెల్లగా, నున్నగా, అప్పుడే కడిగిన బియ్యపు గింజల్లా ఉన్నాయి. నేను "ఈ" అనగానే దగ్గరికొచ్చి వణికాయి.

"చంటిబిడ్డ గొంతమ్మా నీది" అంది. "నువ్వు ఆ సాధన చెయ్యలేదు."

"చేసినానమ్మా. ఏడేండ్లు."

"చెయ్యలేదు. చేసినవాళ్ళ గొంతు ఇట్ల ఉండదు."

నన్ను అబద్ధాలకోరని ఎవరూ అనలేదు అంతవరకు. బెంగుళూరు రోడ్డు మీద నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాను, మనసులో ఆమెతో పోట్లాడుతూ. సగం దారిలో గుర్తొచ్చి నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వెనక జట్కావాడు బండి పక్కకు తిప్పి ఏదో తిట్టాడు.

మా తాతకు దమ్ము జబ్బు ఉండేది. రాత్రంతా కూర్చుని ఒగరుస్తూ, తెల్లవారుజామున కాస్త కన్ను మూసేవాడు. నేను సాధనకు లేచేది సరిగ్గా అప్పుడే. మా అవ్వ నా వెనకే వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టేది. "నోట్లోనే పాడుకో తల్లీ. ఇప్పుడే కండ్లు మూసినాడు." అందుకని నేను పెదాలు మూసుకుని, లోలోపల, కింది స్థాయిలో కూనిరాగం తీసేదాన్ని. అయ్యవారు అడిగితే మాత్రం "పాడినానయ్యవారా, బొంగురుపోయింది" అని చెప్పేదాన్ని. చిన్నపిల్ల అబద్ధం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అబద్ధం నాకే నిజమైపోయింది. ఆయన చెప్పిన సాధన వల్లే నా గొంతు ఇంత బాగుందని మనస్ఫూర్తిగా నమ్మాను. నేను ఒక్కరోజూ చెయ్యని పనిని, చేసినట్టు చెప్పి, ఇంకొక మనిషి చేత రెండేళ్ళు చేయించాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మకు కూడా చాలా ఏళ్ళ తర్వాతే చెప్పాను.

ఆయన మౌనంలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం వాళ్ళ పల్లెకు వెళ్ళాను. తిట్టించుకోవడానికే వెళ్ళానని చెప్పాలి. వాళ్ళ ఇంటామె కల్లంలో శనక్కాయలు ఆరబోస్తోంది. ఆయన గుంజకు ఆనుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చున్నాడు. మండీలో వేలానికి ఇంకొకర్ని పెట్టుకుని, ఈయన్ను కాటా దగ్గర నిలబెట్టారట.

"వదినా, నా వల్లనే ఇట్లయింది" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు టీచరమ్మా" అంది. "పెండ్లయి పద్దెనిమిదేండ్లు. మండీలో అరిసి అరిసి ఈయనకు ఇంట్లో గూడా అరవడమే అలవాటు. అన్నం పెట్టమన్నా అరుపే, బిడ్డను పిలిసినా అరుపే. ఈ నెల్లోనే నా మాట నాకు ఇనపడతాంది. నేను చెప్పేది మొత్తం ఇంటాండాడు. మధ్యలో ఆపడానికి ఈయనకు నోరు లేదు కదా."

ఆయన ముందే అంటోంది. భయంగా ఆయన వైపు చూశాను. ఆయన పలక మీద ఏదో రాసి మా వైపు తిప్పాడు. "నిజమే" అని ఉంది.

ఆ రోజు తిరిగొచ్చి బడికి సెలవు చీటీ రాశాను. ప్రతి వారం ఆసుపత్రి రోజున మధ్యాహ్నం సెలవు. డాక్టరమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని గొంతులు చూసేదాన్ని. బడిపంతుళ్ళు, పండరి భజన వాళ్ళు, ఎండుచేపలు అమ్మేవాళ్ళు, బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచేవాళ్ళు. ముందు వాళ్ళ మాట వినేదాన్ని, లోపల ఎలా ఉంటుందో కాగితం మీద బొమ్మ గీసేదాన్ని, తర్వాత అద్దంలో చూసేదాన్ని. మొదట్లో అన్నీ తప్పే. ఏడాది తిరిగేసరికి పదింట ఆరేడు సరిగ్గా చెప్పగలిగాను. డాక్టరమ్మ తన పుస్తకాలు నాకిచ్చింది. ఇంగ్లీషు కష్టమైనా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

డెబ్భైల చివర్లో నన్ను కుప్పం బడికి బదిలీ చేశారు. అందరూ అయ్యో అన్నారు. నాకు మాత్రం అది వరమైంది. కుప్పం నుంచి బెంగుళూరుకు రైలుంది. డాక్టరమ్మ ఉత్తరం పట్టుకుని, అక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో మాట పోయినవాళ్ళకు మాట నేర్పించే విభాగానికి వెళ్ళాను. ప్రతి శనివారం కూరగాయల గంపల మధ్య కూర్చుని వెళ్ళి, ఆదివారం సాయంత్రం వచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి తిరిగాను, మొదట చూసి నేర్చుకుంటూ, తర్వాత నేనే నేర్పిస్తూ. అక్కడ ఒక గాజు గొట్టాన్ని నీళ్ళలో ముంచి, దాని గుండా "ఊ" అని ఊదించేవాళ్ళు. గొంతు మీద భారం తగ్గి, పట్టీలు మెత్తగా కలుస్తాయి. కుప్పంలో గాజు గొట్టం యాడ తెచ్చేది? బొప్పాయి ఆకు కాడ కోసి, చెంబులో నీళ్ళు పోసి ఊదించాను. మొదటి శిష్యుడు మా రాజే. మౌనం తర్వాత ఆయనకు మాట వచ్చింది గానీ, పాట రాలేదు. కుప్పానికి వచ్చి, నా వంటింటి ముందు పీట మీద కూర్చుని, చెంబులో బుడగలు ఊదుతుంటే చూసి మా పక్కింటి తమిళం ఆమె ఇది ఏదో మంత్రమనుకుంది.

గొంతు వచ్చింది. పాత గొంతు కాదు. ఆ గంగాళం పోయింది. కొంచెం గరుకుగా, కొంచెం పొడిగా, తగ్గు స్థాయిలో నిలకడగా ఉండే గొంతు. రెండున్నర శ్రుతి దాటనివ్వలేదు నేను.

ఎనభైల మొదట్లో కుప్పంలో మళ్ళీ అదే నాటకం వేద్దామన్నాను. పాత బృందమంతా ఒప్పుకుంది గానీ, హార్మోనియం పెద్దాయన మొండికేశాడు.

"రెండున్నరలో రాజా? రెండున్నరలో జోల పాట పాడాల తల్లీ, పద్యం కాదు. నా పరువు పోతాది."

"మైకుండాది కదా తాతా. అరిసే పని మైకు చూసుకుంటాది."

"మైకు పాడుతుందా మరి? మనిషి యాల?"

చివరికి వచ్చాడు గానీ, సాయంత్రం తెర లేచేదాకా మొహం ముడుచుకునే ఉన్నాడు. రాజు మొదటి పద్యం పాడాడు. నేను తెర పక్కన అదే చోట నిలబడ్డాను. పద్యం పూర్తయింది. గొంతు ఎక్కడా తడబడలేదు. కానీ జనంలోంచి ఒక్క చప్పుడు లేదు. వన్స్ మోర్ లేదు, ఈల లేదు, చప్పట్లు లేవు. రెండో పద్యానికీ అంతే. పెద్దాయన నా వైపు తిరిగి "చెప్పలా?" అన్నట్టు చూశాడు.

కూతుర్ని పోగొట్టుకున్న రాజు, ఆమె ఆడుకున్న వాకిలిని చూసి పాడే పద్యం మూడోది. పుంగనూరులో ఆగిపోయింది అక్కడే. ఆయన దాన్ని దాదాపు మాట్లాడుతున్నట్టు పాడాడు. అది సగంలో ఉండగా ముందు చాప మీద ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె పక్కనున్నామె ఏడుస్తోంది. అప్పుడు తెలిసింది నాకు, వాళ్ళు మెచ్చకపోవడం కాదు, వింటున్నారు. నాటకం అయ్యాక ఆ ముసలామె నా దగ్గరికొచ్చి, "ఇన్నాళ్ళూ పద్యమంటే రాగమే ఇంటామే గానీ, మాటలు ఇట్ల తెలిసింది లేదు తల్లా. ఇంత కష్టముందా దాంట్లో?" అంది. ఈల వేసేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఆ రోజు నిరాశగానే ఇళ్ళకు పోయారు. ఆ తర్వాత కుప్పంలో మమ్మల్ని ఎవరూ నాటకానికి పిలవలేదు కూడా.

మర్నాడు పొద్దున ఆయన్ను బస్సెక్కించడానికి వెళ్ళాను. బస్సు ఇంకా రాలేదు. టీ తాగుతున్నాం. నాలో ఏళ్ళుగా ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. మా తాత సంగతి, అవ్వ నా నోరు మూయడం, నేను చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. "నేను చెయ్యని సాధన నీతో చేయించినాను అన్నా. నీ గొంతు పోగొట్టింది నేనే" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ముందే తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"గొంతు సంగతి. మీ దగ్గరికి రాకముందే తిరపతిలో ఒక డాక్టరుకు చూపించినా. లోపల కాయలు కాసినాయి, మండీ మానుకో, గట్టిగా పాడొద్దు, పాడితే ఒకనాటికి గొంతు ఉండదు అని అప్పుడే చెప్పినాడు."

గ్లాసు నా చేతిలోనే ఉంది. టీ ఒలికి వేళ్ళు కాలుతున్నా వదిలిపెట్టాలని తోచలేదు.

"మరి నాకు యాల చెప్పలేదు?"

"చెప్తే మీరు నేర్పిస్తారా? ఒక్కతూరన్నా రాజు వేషం కట్టి ఐదులో పాడాలని ఉండింది. పాడినా. పుంగనూరులో రెండు పద్యాలకి వన్స్ మోర్ కొట్టినారు కదా."

ఏడెనిమిదేళ్ళు. ఆసుపత్రి స్టూలు మీద, రైల్లో గంపల మధ్య, నిఘంటువు ముందు, నేను మోసిన బరువంతా ఈ మనిషి ఒక్క మాటతో దించి ఉండవచ్చు. చెప్పలేదు. పలక మీద రాసైనా చెప్పలేదు.

"అయితే తప్పు నాది కాదంటావా?"

"ఎందుకు కాదూ? మీదీ ఉండాది. నాకు తెలిసి పాడినా, మీరు తెలియక పాడించినారు. మీది మీరు మోసుకోండి. నాది గూడా మీరే యాల మోస్తారు టీచరమ్మా?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేను చెయ్యి ఊపలేదు.

కొన్ని నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఉత్తరం వస్తే జవాబు రాయలేదు. కోపం ఆయన మీదో నా మీదో తేల్చుకోలేకపోయాను. తప్పు మొత్తం నాదైనప్పుడు నేను చదివాను, నేర్చుకున్నాను, ఒక దారి పట్టాను. సగమే నాదని తెలిశాక ఆ దారిలో ఎందుకున్నానో కొన్నాళ్ళు నాకు అర్థం కాలేదు. శనివారం రైలు కూడా రెండుసార్లు ఎక్కలేదు. మూడో శనివారం ఎక్కాను. బెంగుళూరులో నా కోసం గొంతు పోయిన ఒక బడిపంతులు ఎదురుచూస్తుంటాడని గుర్తొచ్చి ఎక్కాను.

ఒక పద్ధతి మాత్రం మారింది. ఆ తర్వాత ఎవరు పాట నేర్చుకుంటామని వచ్చినా, ముందు పాడమనలేదు. "ఇంతకు ముందు ఎవరికన్నా గొంతు చూపించినావా? ఏం చెప్పినారు? దాచకుండా చెప్పు" అని అడిగేదాన్ని. నవ్వేవాళ్ళు. దాచినవాళ్ళు కూడా ఉన్నారు, నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు.

ఆ వేసవిలో ఆయన ఇంటామె కుప్పం వచ్చింది. మూట నిండా శనక్కాయలు, వెంట పదమూడేళ్ళ కూతురు.

"దీనికి పాట నేర్పండి టీచరమ్మా."

"నా దగ్గరనా వదినా?"

"మీ దగ్గరే. తప్పు చేసి నేర్చుకున్నోళ్ళు మళ్ళీ ఆ తప్పు చెయ్యరు. కొత్తోళ్ళ దగ్గరికి పంపిస్తే వాళ్ళు మొదటినుంచి చేస్తారు" అంది ఆమె, శనక్కాయలు చేటలో పోస్తూ.

అన్నకు తెలుసా అని అడిగాను. బస్టాండు దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహం చెల్లక అక్కడే కూర్చున్నాడని చెప్పింది. చెప్పులేసుకుని వెళ్ళాను. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో తువ్వాలు మడుచుకుని. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నం వండినాను, రా" అన్నాను.

ఆ పిల్ల నా దగ్గర ఆరేళ్ళు నేర్చుకుంది. గొంతు నాన్నది కాదు, సన్నగా ఉండేది. వేషాలు కట్టలేదు. ఇప్పుడు వాళ్ళ పల్లె వైపే ఒక బడిలో పాఠాలు చెబుతోంది. నలభై మంది పిల్లల ముందు, అరవకుండా.